నాసిక్ బావగారికి అంకాపూర్ కోడికూర

ఈ రోజుల్లో చేతిలో ఫోనున్న ప్రతివాడూ తిండి యాత్రికుడే. పెర్కిట్ చౌరస్తాలో బజ్జీల బండి ముందు నిలబడి, బజ్జీకి ఫొటో, బండికి ఫొటో, చివరికి నూనె మూకుడుకు కూడా ఫొటో తీసి, "దోస్తులూ, నోట్లేసుకుంటే కరిగిపోతంది!" అంటాడు. కరిగిపోవడానికి అదేమైనా పిప్పరమెంటా? బజ్జీ అన్నాక నమలాలి. నమలడం రానివాళ్ళంతా రుచి చెప్పేవాళ్ళయిపోయారు. కలికాలం.

అయితే వాళ్ళను తిట్టే హక్కు నాకు లేదని మా ఇంటావిడ అంటుంది. ఎందుకంటే ఫోనులో ఫొటోలు తీసే అలవాటు రాకముందే నేనూ ఒక తిండి యాత్ర చేయించాను. పొద్దున నవ్వుతూ బయలుదేరిన ఆ యాత్ర ముగిసేసరికి మా వియ్యంకుడు ప్యాంటు చొక్కాలతో సహా మోటరు పంపు కింద కూర్చున్నాడు. ముక్కూ మొహం తెలియని ఒక ముసలావిడ నలుగురి ముందు నన్ను తన మొగుడన్నది. ఇంతకంటే ఘోరం ఆర్మూర్ చరిత్రలో జరిగి ఉంటే నాకు చెప్పండి, నేను ఊరుకుంటాను.

ముందు నా సంగతి. బడి నన్ను ఐదో తరగతిలోనే వదిలేసింది. నేను వదల్లేదు, అదే వదిలేసింది. ఆ తరువాత నా చదువంతా పల్లీల పొట్లాల మీద సాగింది. ఒక పొట్లంలో సముద్రాలు, ఇంకో పొట్లంలో మొగలులు, పల్లీలు తిన్నంతసేపూ పాఠమే. పొట్లం చిరిగిన చోట చరిత్ర ఆగిపోయేది. అందుకే కొందరు రాజులు నా లెక్కలో ఇంకా బతికే ఉన్నారు. తరువాత పసుపు యార్డులో దలాలీ చేశాను. కొమ్ము విరిచి వాసన చూసి, ఇది దొంకేశ్వర్ పంట, ఇది మాక్లూర్ పంట అని చెప్పేవాణ్ణి. సగంసార్లు నిజమయ్యేది. మిగతా సగం గట్టిగా చెప్పేవాణ్ణి. దాంతో నా ముక్కు మీద, నాలుక మీద, జ్ఞాపకం మీద నాకు విపరీతమైన గౌరవం ఏర్పడింది. అరవై ఏళ్ళైనా నిండని కుర్రతనం కదా, గౌరవాలు అట్లాగే ఉంటాయి.

మా వియ్యంకుడు సుబ్బారావుగారిది తెనాలి. బ్యాంకు మేనేజరు చేసి హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. మంచివాడే, కానీ భోజనప్రియుడు. రిటైరయ్యాక నాసిక్ ద్రాక్ష తోటలన్నీ తిరిగి వచ్చాడు. అక్కడ ప్రతి తోటలోనూ సారా కాని సారా ఒకటి చేస్తారట, దాని పక్కనే హోటలట, జున్నులాంటిదేదో చేసే చిన్న చిన్న కార్ఖానాలట. ఆ సంగతులు చెప్పడం మొదలుపెడితే మా ఇంట్లో అన్నం చల్లారేది.

మా మనుమడికి పుట్టు వెంట్రుకలు తీయించాల్సిన సమయం వచ్చింది. అసలు గొడవ ఇక్కడ మొదలైంది. దావత్ ఆర్మూర్‌లో, మా వాకిట్లో చేయాలని మా ఇంటావిడ ఆశ. హైదరాబాద్‌లో ఫంక్షన్ హాలు మాట్లాడదామని సుబ్బారావుగారి ఆలోచన.

"ఏమనుకోకండి బావగారూ," అన్నాడాయన మెత్తగా. "మా బంధువులు రకరకాల చోట్ల తిన్నవాళ్ళు. మీ వైపు వంట అంటే... కారం తప్ప ఏముందండీ?"

కారం తప్ప ఏముంది! నన్ను తిట్టినా పడేవాణ్ణి. మా నాన్నను తిట్టినా, ఆయన అప్పటికే లేడు కాబట్టి, సర్దుకునేవాణ్ణి.

"బావగారూ, ఒక్క రోజు నా వెంట రాండ్రి," అన్నాను. "మా దిక్కు తోటలు జూపిస్త, మా దిక్కు కార్ఖానలు జూపిస్త. పొద్దుగూకే లోపట మీ నోటితోని మీరే 'దావత్ ఆర్మూర్లనే' అనకపోతే, హైదరాబాద్‌ల మీ హాలుకు నేనే వచ్చి కుర్చీలేస్త."

వంటింట్లోంచి మా ఇంటావిడ గొంతు వచ్చింది: "కుర్చీలేసుడు గాదు. మనుమని దావత్ గీ వాకిట్ల గాకపోతే నీకు నాకు మాటల్లేవ్!"

అదీ పందెం. మనుమడి దావత్, మా ఇంటావిడ మాట, ఈ ప్రాంతం పరువు, అన్నీ నా చేతిలో ఉన్నాయి. అంటే దేవుడి దయవల్ల ఏదీ భద్రంగా లేదు.

నేను వెంటనే గీత పని చేసే లింగన్నకు ఫోన్ చేశాను. ఈత కల్లు దించడంలో లింగన్నను మించినవాడు లేడు. అంకాపూర్ దేశీ కోడికూర సంగతి మీకు తెలిసిందే. ముందు ఫోన్ కొడితే కోడిని కోసి, మనం పోయేసరికి కూర దింపి ఉంచుతారు. ఆ కూరనూ, ఆనాటి కల్లునూ ఒక్కచోట చేర్చాలని నా ఏర్పాటు.

"లింగన్నా, మా బావగారికి శోర్ గిట్ల పడది. కాలువ పక్క యాపచెట్టు కింద ఇస్తారాకుల అన్నీ పెట్టి, కల్లు ముంత పెట్టి, నువ్వు దూరం జరుగు. మేమే వచ్చి తింటం."

"గా జాగ మీకు ఎర్కేనా సేటూ? జర మారింది. రోడ్డు మీదికొచ్చి నిలవడాల్నా?"

"ఏందిరో, నాకు దారి జెప్తవా? గా యాపచెట్టు మొక్కగున్నప్పటిసంది ఎర్క నాకు!"

దయచేసి ఈ మాట గుర్తుంచుకోకండి. నాకే సిగ్గుగా ఉంది.

బయలుదేరాం. సుబ్బారావుగారు కారు నడుపుతున్నాడు, నేను పక్కన కూర్చుని దేశం చూపిస్తున్నాను. మాక్లూర్ దారిలో ఒకావిడ రోడ్డు పక్కన మొక్కజొన్నలు రుబ్బి వేడి వేడి మక్క గారెలు వేస్తోంది. ఆయన గారెను తుంచి, వెలుగుకు పెట్టి చూసి, వాసన చూసి, కళ్ళు మూసుకుని నమిలాడు.

"మొదట తీపి తగులుతోందండీ. తరువాత మిర్చి. చివర్న ఏదో పొగ..."

ఆవిడ భయపడిపోయింది. "ఏమైంది సారూ, పాణం బాగలేదా?"

"బాగుందమ్మా, రుచి చూస్తున్నా."

"రుచి జూసుడు గట్లుంటదా? మా దగ్గరైతే తింటరు."

ఆయన పుస్తకంలో కాదు, మనసులోనే ఏదో మార్కు వేసుకున్నట్టు తల ఊపాడు. తరువాత ఒకచోట జొన్న రొట్టె, పచ్చిపులుసు. అక్కడా తల ఊపాడే తప్ప 'ఆర్మూర్' అనలేదు. నాకు లోపల గుబులు మొదలైంది. సరే, కోడికూర ఉంది కదా, ఈ తల ఎట్లా ఊగుతుందో అక్కడ చూద్దాం అనుకున్నాను.

అంకాపూర్ దాటి పొలాల్లోకి దిగాం. కాలువ కనబడింది. కాలువ పక్కన నా జ్ఞాపకంలో ఉన్నచోట ఉండాల్సిన వేపచెట్టు లేదు! నన్నొక్క మాట అడగకుండా ఎవడో కొట్టేశాడనుకున్నాను. అయినా నాలాంటివాడికి అదొక ఆటంకమా? కాలువకు ఇవతల ఇంకో వేపచెట్టు ఉంది. దాని కింద శుభ్రంగా ఊడ్చి, నీళ్ళు చల్లి, మోదుగాకుల విస్తరి పరిచి ఉంది. విస్తరి నిండా అన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడ్డు. పక్కన కల్లు ముంత, గ్లాసు. చుట్టూ ఒక్క మనిషి లేడు. అచ్చంగా నేను చెప్పినట్టే.

"చూసిన్రా బావగారూ! మా లింగన్న అంటే గట్లుంటది!"

"బాగుందండీ. కానీ విస్తరి ఒక్కటే ఉందేంటి?"

నేను తడుముకోలేదు. తెలియనిదాన్ని తెలియదనడం నాకు ఏ పొట్లమూ నేర్పలేదు. "మా దిక్కు వియ్యంకులు ఒక్కటే ఆకుల తింటరు బావగారూ. మర్యాద."

"ఓహో! మరి ఈ బీడీ కట్ట?"

"అతిథికి."

"ఈ కొత్త తువ్వాలు?"

"చేతులు తుడుసుకునేటందుకు." చెప్పడమే కాదు, మడత విప్పి భుజాన వేసుకున్నాను కూడా.

"మరి ఈ పాత కళ్ళజోడు?"

దీనికి మాత్రం ఒక్క క్షణం పట్టింది. "నాటుకోడి గద బావగారూ. సన్న బొక్కలుంటయ్, గొంతుల కుచ్చుకుంటయ్. కండ్లు మసకున్నోళ్ళకు పెట్టిండు."

నాసిక్‌లో ఇంత ఆలోచించి వడ్డించేవాళ్ళు లేరని ఆయన ఒప్పుకున్నాడు. నా ఛాతీ రొట్టెలా పొంగింది.

కూర్చున్నాం. అంతలో ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి కరెంటు తీగ మీద వాలింది. మెడ వంచి, విస్తరి వైపు చూసి, నెమ్మదిగా కిందికి దిగబోయింది. అతిథి ముందు కాకి మూతి పెడితే మర్యాద ఏం కాను? మట్టిగడ్డ తీసుకుని "హుష్!" అని విసిరాను. గురి తప్పలేదు. కాకి గోదావరి దిక్కు ఎగిరిపోయింది. అదే సమయంలో దూరంగా మోటరు షెడ్డు వెనకనుంచి కొందరు మనుషులు ఒక్కసారే "అయ్యో!" అన్నట్టు వినబడింది. గాలి అనుకున్నాను. గాలికి అంత దుఃఖం ఎందుకని ఆలోచించాల్సింది.

సుబ్బారావుగారు కల్లు గ్లాసులో పోసుకుని గుండ్రంగా తిప్పాడు. వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కకు ఉమ్మేశాడు.

"బావగారూ! ఏం పని గది! కల్లు ఉమ్ముతరా?"

"నాసిక్‌లో ఇలాగే చూస్తారండీ. పైగా నేను కారు నడపాలి." తరువాత కోడికూర ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అంతే. కళ్ళు మూసుకోలేదు, వెలుగుకు పెట్టి చూడలేదు, మొదట ఇది తరువాత అది అనలేదు. గబగబా తిన్నాడు. మళ్ళీ తిన్నాడు. గుడ్డు నాకు పెట్టడం కూడా మరిచిపోయాడు. చివరికి వేళ్ళు నాకుతూ అన్నాడు:

"బావగారూ, ఓడిపోయానండీ. దావత్ ఆర్మూర్‌లోనే. ఈ కూర వండిన చెయ్యే వండాలి. ఇంకోళ్ళు వద్దు!"

గెలిచాను! ఇక్కడ లేచి కారెక్కి ఉంటే ఈ కథ ఉండేది కాదు, నేనొక గౌరవనీయుడిగా మిగిలేవాణ్ణి. కానీ గెలిచినవాడికి ఇంకొంచెం కావాలనిపిస్తుంది. నా నాలుక ఎంత గొప్పదో ఆయనకు చూపించాలి కదా! ఓ ముద్ద పెట్టుకుని, చుట్టూ ఉన్న పొలాలకు వినబడేలా అరిచాను:

"ఓ ఎవరే వండింది! కూర జబర్దస్తుగుంది గని ఉప్పేది? ఇంట్ల ఉప్పు బంజేసిన్రా?"

మోటరు షెడ్డు వెనకనుంచి మనుషులు బయటికి వచ్చారు. ఇద్దరు ముగ్గురు కాదు, ఒక కుటుంబం. ముందు గుండు చేయించుకున్న ఒకాయన కర్ర పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. ఆ గుండు చూడగానే నా నోట్లో ముద్ద ఆగిపోయింది. అన్నం, కోడి, కల్లు, బీడీలు, కళ్ళజోడు అన్నీ కలిసి ఒక్కసారిగా అర్థమయ్యాయి.

తెలియనివాళ్ళకు చెప్తాను. మా వైపు మనిషి పోతే దినం నాడు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, ఇంటివాళ్ళు దూరంగా తప్పుకుంటారు. పోయిన మనిషి కాకి రూపంలో వచ్చి ముడతాడని నమ్మకం. కాకి ముట్టేదాకా ఎవరూ ముద్ద తినరు. రాకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని ఏడుస్తారు. దీన్ని పిట్టకు పెట్టడం అంటారు. నేను తింటున్నది అదే. నేను కొట్టి తరిమింది ఆ పిట్టనే!

"ఎవడ్రా నువ్వు!" కర్ర ఆయన, అంటే పోయిన మనిషి పెద్దకొడుకు గంగాధర్, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "పిట్ట ముట్టేదాక ఇవతలికి రావద్దని పొద్దటిసంది తిండి లేక ఆడనే ఉండి సూస్తున్నం. గా ఒక్క కాకి వస్తే గడ్డతోని గొడ్తవా? మా నాయిన బువ్వ తింటవా? మా నాయిన తువ్వాల ఏసుకుంటవా?"

"అయ్యా, మా లింగన్న..." అన్నాను.

"ఆగురా గంగాధర్!" వెనకనుంచి ఒక ముసలావిడ తోసుకుంటూ వచ్చింది. పోయిన నర్సయ్య భార్య, లసుమవ్వ. నా మొహంలో మొహం పెట్టి చూసింది. "ఇందాక ఏమన్నవ్? మల్లొకసారి అను."

"తప్పయింది తల్లీ..."

"గది గాదు! ఉప్పు మాట అను!"

"ఇంట్ల... ఉప్పు... బంజేసిన్రా... అన్న."

ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "గాయ్నే! గాయ్నే వచ్చిండు! డాక్టర్ సాబ్ ఉప్పు బంద్ జేసిన కాంచి పానం పోయేదాక పూట పూటకు గదే మాట గదనే! గిట్లనే ఒర్లేటోడు!" అని కోడలి వైపు తిరిగింది. "సుజాతా, కూరల ఉప్పేసినవా?"

కోడలు తల దించుకుంది. "మామకు వండుడు గద అత్తమ్మా... చెయ్యి అలవాటు... తక్కువేసిన."

"సూసిన్రా! సచ్చినంక గూడ ఉప్పు లేని కూర పెడ్తె పిట్ట ఎట్ల వస్తది? అందుకే గీ మనిషి మీదికి వచ్చిండు. పోయి ఉప్పు తే!"

కర్ర కింద పడింది. గంగాధర్ నన్ను కొత్త కళ్ళతో చూశాడు. దండం కూడా పెట్టాడు. నేను బతికిపోయాననుకున్నాను. మీరూ అట్లాగే అనుకుంటున్నారు కదూ? ఉప్పు వచ్చింది. లసుమవ్వ పిడికెడు ఉప్పు తీసి విస్తరి నిండా చల్లింది.

"తిను. కడుపు నిండ తిను. ఒక్క మెతుకు మిగిలినా నీ ఆత్మ తిర్గుతది."

"నా ఆత్మ గాదమ్మా, నేను ఆర్మూర్..."

"బతికున్నప్పుడు గూడ గిట్లనే ఎదురు మాట్లాడేటోనివి! తిను!"

తిన్నాను. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఏడుస్తూ చూస్తుండగా, సముద్రాన్ని కలుపుకుని తిన్నట్టు తిన్నాను. ముంత ఎత్తి తాగించారు. జన్మలో బీడీ ముట్టనివాడికి బీడీ ముట్టించి నోట్లో పెట్టారు. నేను దగ్గాను. "గా దగ్గు గూడ గాయ్నదే!" అని ముసలావిడ కొత్తగా ఏడ్చింది. కళ్ళజోడు పెట్టారు. ఆ కళ్ళజోడులోంచి లోకమంతా వంకరగా కనబడింది, బహుశా అప్పుడే సరిగ్గా కనబడిందేమో.

"మరి మా బావగారు గూడ తిన్నడు గదమ్మా," అన్నాను, కష్టం పంచుకుందామని.

లసుమవ్వ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "గీయన కల్లు ఉమ్మిండు. మా ఇంటోడు సుక్క కింద పడనియ్యలే ఏనాడు. గీయన ఎవరో నాకు తెల్వది."

సుబ్బారావుగారు మాత్రం అప్పటికే మోటరు పంపు కింద కూర్చున్నాడు. "మనుమడి శుభకార్యం పెట్టుకుని దినం కూడు తినిపించారు!" అని నీళ్ళ చప్పుడులోంచి అరుస్తున్నాడు. "ఇక ఆర్మూర్ మాట ఎత్తకండి! హైదరాబాద్‌లోనే చేస్తాం! వినబడిందా?"

వినబడింది. ఇంట్లో మా ఆవిడ మొహం కూడా కనబడింది. ఉప్పుకు కాదు, దానికి నా నోరు ఎండిపోయింది.

అప్పుడు కాలువ అవతలనుంచి లింగన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. "సేటూ! గీడున్నరా! నేను కాలువ అవతలి యాపచెట్టు కింద అన్నీ పెట్టి, మీరన్నట్టే దూరం పోయి కూసున్న. మీరు రాకపోతిరి, కాకులు వచ్చినయ్. ఒకటా రెండా, గీ సుట్టుపక్కల కాకులన్నీ ఆడనే ఉన్నయ్! కూరంత సాఫ్!"

అందరూ కాలువ అవతలికి చూశారు. చెట్టు నల్లగా కదులుతోంది. నర్సయ్య విస్తరికి పొద్దటినుంచీ కాకులు ఎందుకు రాలేదో ఒక్కొక్కరికీ తెలిసింది. నేను నర్సయ్య వంతు తింటున్నాను, కాకులు నా వంతు తింటున్నాయి. గంగాధర్ వంగి మళ్ళీ కర్ర తీసుకున్నాడు.

"పడెయ్యిరా," అంది లసుమవ్వ. "మీ నాయినకు ఉప్పు ముట్టింది. నాకు గంతే గావాలె. ఇగ బువ్వలు తిందాం రాండ్రి."

పంపు ఆగింది. సుబ్బారావుగారు చొక్కా విప్పి పిండుకుంటూ నెమ్మదిగా వచ్చాడు. కోడలు సుజాత అందరికీ వడ్డిస్తోంది. కూర గిన్నె మూత తీసింది. ఆ వాసన ఆయన దాకా వచ్చిందని ఆయన నడక ఆగిన తీరుతో తెలిసింది.

"అమ్మాయ్," అన్నాడు, నా వైపు చూడకుండా. "ఆ పులుసులో ఏం వేశావమ్మా?"

"నువ్వులు, ఎండు కొబ్బరి, మా పసుపు. గంతే సారూ."

"అంతేనా?" గుటక వేశాడు. "ఉప్పు సరిపడా వేస్తే ఇంకా బాగుంటుందేమో?"

"కూసొని సూడరాదు," అంది లసుమవ్వ. "పోయినోడు కడుపు నిండి పోయిండు. ఇగ గది దినం కూడు గాదు, పండుగ బువ్వ. మీ పిలగానికి గాయ్న దీవెనే ఉంటది."

తడి ప్యాంటుతోనే ఆయన కూర్చున్నాడు. ఈసారి ఆకు విడిగా వేసుకున్నాడు. తిన్నాక చేతులు కడుక్కుని, "దావత్ ఆర్మూర్‌లోనే బావగారూ," అన్నాడు. "వంట ఈ అమ్మాయిదే. కానీ ఈ సంగతి హైదరాబాద్‌లో ఒక్కడికి తెలిసినా మన వియ్యం చెడిపోతుంది."

దావత్ మా వాకిట్లోనే జరిగింది. ఆయన బంధువులు ఆకులు నాకారు. మా ఇంటావిడ నాతో మాట్లాడుతూనే ఉంది, ఇప్పటికీ ఆపలేదు.

ఇంత మంచిగా ముగిసింది కదా అనుకోకండి. ఏడాది తిరిగాక ఒక పొద్దున గంగాధర్ మా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషిలా కూర్చుని, చాయ్ తాగి, చేతులు జోడించాడు.

"సేటూ, ఎల్లుండి మా నాయిన సంవత్సరీకం. కాకులకు పెడ్తె పెడ్తం గని, మా అవ్వ ఒప్పుకుంటలేదు. మీరే వచ్చి ముట్టాల్నంట."

పోయాను. ఏం చేస్తాను? పోయి ముట్టాను. ఆ సంగతి ఊళ్ళకు ఊళ్ళు పాకింది. ఇప్పుడు అంకాపూర్ నుంచి దొంకేశ్వర్ దాకా ఎవరింట్లో పిట్ట రావడం ఆలస్యమైనా, తీగల వైపు కాసేపు చూసి, ఆ తరువాత నాకు ఫోన్ చేస్తున్నారు.

అందుకని పాఠకుల సాక్షిగా, తూర్పు దిక్కుకు తిరిగి, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు, పొలంలో ఒంటరిగా పరిచిన విస్తరి ముందు, అందులో అమృతమే వడ్డించి ఉన్నా సరే, పిలవకుండా కూర్చోను. పిలిస్తే మాత్రం, కాకి కంటే ముందే వస్తాను.